బ్రౌజర్‌లో లిస్ప్, ఆగని ఫంక్షన్, పని చేయని ఆపు బటన్: ఒక కేస్ స్టడీ

"సార్, ఆపు బటన్ నొక్కాను. ఆగట్లేదు."

బ్రౌజర్‌లోనే నడిచేలా మేం రాసుకున్న లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషని మొదటిసారి క్లాసులో పెట్టిన రోజు, అరగంట గడవకముందే వినిపించిన మాట ఇది. ఆ విద్యార్థి రాసింది రెండే లైన్లు.

(డిఫైన్ (లెక్క న) (లెక్క (+ న 1)))
(లెక్క 0)

ఎక్కడ ఆగాలో చెప్పని ఫంక్షన్. రికర్షన్, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, నేర్చుకునే ప్రతి ఒక్కరూ మొదటి గంటలోనే చేసే తప్పు, చేసి తీరాల్సిన తప్పు కూడా. ఆపు బటన్ కళ్ళ ముందే ఉంది. నొక్కితే రంగు కూడా మారడం లేదు. పేజీ స్క్రోల్ అవ్వడం లేదు, అక్షరం టైప్ అవ్వడం లేదు. చివరికి ట్యాబ్ మూసేశాడు. అంతకుముందు రాసుకున్న డెఫినిషన్లన్నీ దాంతో పాటే పోయాయి.

ఆ బటన్ ఎందుకు పని చేయలేదో తెలుసుకునే క్రమంలో ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ని చదివి నడిపించే ప్రోగ్రామ్) గుండెకాయను పూర్తిగా తిరగరాశాం. ఆ వివరమే ఇది. మా లిస్ప్‌లో కీవర్డ్‌లను తెలుగు లిపిలో కూడా రాయొచ్చు కాబట్టి ఇక్కడి కోడ్ అంతా అలాగే ఇస్తున్నాను.

మాకు కావాల్సింది ఏమిటంటే

ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేకుండా, పేజీ తెరిస్తే చాలు, లిస్ప్ కుటుంబంలోని స్కీమ్ అనే భాషతో మాట్లాడగలగాలి. 'మాట్లాడటం' అని ఊరికే అనడం లేదు. లిస్ప్ కుటుంబానికి ప్రాణం రెపుల్‌లో ఉంది: ఒక వాక్యం చదువుతుంది, లెక్కిస్తుంది, ఫలితం చూపిస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ప్రోగ్రామ్ మొత్తం రాసి ఆ తర్వాత రన్ చేయడం కాదు. నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల కూర్చుని ఒక్కో ముక్క మార్చుకుంటూ పోవడం.

దీనికి సిద్ధంగా ఉన్న సాధనాలు తక్కువేం కాదు. స్కీమ్ కావాలంటే బివాస్కీమ్, లిప్స్ ఉన్నాయి. క్లోజర్ (Clojure) అనే లిస్ప్ భాష వైపు వాళ్ళకు స్కిటిల్ ఉంది, ఒక స్క్రిప్ట్ ట్యాగ్ పెడితే సరిపోతుంది. కామన్ లిస్ప్ కోసం జేఎస్‌సీఎల్ ఉంది. గైల్ స్కీమ్‌ని వెబ్‌అసెంబ్లీకి (బ్రౌజర్లు వేగంగా నడిపే ఒక కింది స్థాయి కోడ్‌కి) కంపైల్ చేసే హూట్ ఉంది. ఎవరైనా నన్ను అడిగితే ముందు వీటిలో ఒకటి వాడి చూడమనే చెబుతాను. మేం సొంతంగా రాసుకోవడానికి కారణాలు రెండే: ఎర్రర్ మెసేజ్‌లు తెలుగులో ఉండాలి, ఒక్కో అడుగునూ ఆపి విద్యార్థికి చూపించగలగాలి. రెండోది ఇంటర్‌ప్రెటర్ లోతుల్లోకి వెళ్ళకుండా అయ్యే పని కాదు.

మొదటి వెర్షన్: అందంగా ఉంది, తొందరగా కూలింది

జాన్ మెకార్తీ 1960లో అచ్చు వేసిన పేపర్‌లో లిస్ప్‌ని లిస్ప్‌లోనే నిర్వచించాడు. వాక్యాన్ని లెక్కించే ఆ 'ఈవల్' ఫంక్షన్ కాగితం మీది సిద్ధాంతం అనుకుంటుండగా, స్టీవ్ రస్సెల్ దాన్ని ఐబీఎం 704 మీద నిజంగానే కోడ్ చేసి నడిపించాడు. మా మొదటి వెర్షన్ కూడా ఆ దారిలోనే నడిచింది. ఈవల్ అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్: నంబర్ అయితే అదే తిరిగిస్తుంది, పేరైతే వెతుకుతుంది, ఇఫ్ అయితే షరతు చూస్తుంది, కాల్ అయితే ముక్కలన్నిటినీ మళ్ళీ ఈవల్‌కే ఇస్తుంది. రెండు సాయంత్రాల్లో పూర్తయింది. చదవడానికి ముచ్చటగా ఉండేది.

దాని మీద ఇది ఇచ్చాం:

(డిఫైన్ (మొత్తం న) (ఇఫ్ (= న 0) 0 (+ న (మొత్తం (- న 1)))))

(మొత్తం 100) అంటే 5050 వచ్చింది. (మొత్తం 10000) అంటే స్టాక్ (ఇంకా ముగియని కాల్స్‌ని గుర్తుంచుకునే చోటు) పరిమితి దాటిందని జావాస్క్రిప్ట్ ఎర్రర్ విసిరింది. మామూలు జావాస్క్రిప్ట్ ఫంక్షన్ అయితే క్రోమ్‌లో సుమారు పదివేల లోతు వరకు వెళ్ళగలదు. మా ఇంటర్‌ప్రెటర్‌లో ఒక స్కీమ్ కాల్ అంటే లోపల మూడు నాలుగు జావాస్క్రిప్ట్ కాల్స్. అంటే విద్యార్థికి దక్కే లోతు అందులో మూడో వంతో నాలుగో వంతో.

దీనికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి. స్కీమ్‌లో లూప్ అంటే టెయిల్ కాల్. ఫంక్షన్ చేసే చివరి పని ఇంకో కాల్ అయితే దానికి స్టాక్ ఖర్చు కాకూడదని స్కీమ్ ప్రమాణమే చెబుతుంది. జావాస్క్రిప్ట్‌కి 2015 ప్రమాణంలో ఇదే సౌకర్యం రాశారు కానీ, సఫారీ ఇంజన్ తప్ప మిగతా పెద్ద బ్రౌజర్లు దాన్ని వాడకంలోకి తేలేదు. కాబట్టి స్కీమ్‌లో పదిలక్షల సార్లు తిరగాల్సిన మామూలు లూప్ మా దగ్గర కొన్ని వేల తర్వాత కూలిపోయేది. బ్రెండన్ ఐక్‌ని 1995లో నెట్‌స్కేప్ పిలిచింది బ్రౌజర్‌లో స్కీమ్ పెడదామన్న మాట మీదే. అది జరగకుండా జావాస్క్రిప్ట్ వచ్చింది, ఫంక్షన్లను విలువల్లా చేతులు మార్చే గుణం స్కీమ్ నుంచి తెచ్చుకుంది. టెయిల్ కాల్ మాత్రం వెంట రాలేదు. ఈ పని చేస్తున్నన్నాళ్ళూ ఆ లోటు నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

రెండో వెర్షన్: ఒకటి బాగుచేస్తే ఇంకొకటి బయటపడింది

టెయిల్ కాల్‌కి అందరూ చెప్పే మందు ట్రాంపొలిన్. ఫంక్షన్ తన చివరి కాల్‌ని తనే చేయదు. 'తర్వాత దీన్ని పిలవండి' అని ఒక చీటీ వెనక్కి ఇస్తుంది. బయట ఒక చిన్న వైల్ లూప్ ఆ చీటీ తీసుకుని పిలుస్తుంది. స్టాక్ పెరగదు. దాన్ని పెట్టేశాం, పదిలక్షల లూప్ హాయిగా తిరిగింది. ఆ నమ్మకంతోనే క్లాసుకు వెళ్ళాం.

మొదటి వెర్షన్‌లో (లెక్క 0) అని ఇచ్చి ఉంటే క్షణంలో స్టాక్ పగిలి ఎర్రర్ వచ్చేది. విద్యార్థి బతికిపోయేవాడు. ట్రాంపొలిన్ వచ్చాక స్టాక్ పగలదు, ఆ వైల్ లూప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. బ్రౌజర్‌లో పేజీకి ఉండేది ఒక్కటే ప్రధాన థ్రెడ్. క్లిక్కులు, కీబోర్డు, స్క్రీన్ మీద గీయడం, మన కోడ్, అన్నీ దాని మీదే వంతులవారీగా నడవాలి. ఒకరు వంతు వదలకపోతే మిగతా వాళ్ళెవరికీ పని జరగదు. విద్యార్థి ఆపు నొక్కాడు, బ్రౌజర్ ఆ క్లిక్‌ని క్యూలో పెట్టింది, క్యూ దగ్గరికి ఎవరూ రాలేదు. బటన్‌లో తప్పేమీ లేదు.

వెబ్ వర్కర్ వైపు వెళ్ళి వెనక్కి వచ్చాం

చాలామంది ఇచ్చే సలహా, ఇంటర్‌ప్రెటర్‌ని వెబ్ వర్కర్‌లో పెట్టమని. వేరే థ్రెడ్ కాబట్టి పేజీ బిగుసుకోదు, ఆపాలంటే వర్కర్‌ని చంపేయొచ్చు. రెండు వారాలు ఆ దారిలో పనిచేశాం. చంపడం నిజంగానే తేలిక. కానీ వర్కర్‌ని చంపితే విద్యార్థి రాసుకున్న డెఫినిషన్లన్నీ దాంతో పోతాయి. ట్యాబ్ మూసేయడానికీ దీనికీ అతని వరకు తేడా ఏముంది?

చంపకుండా 'కాస్త ఆగు' అని చెప్పాలంటే షేర్డ్ మెమరీ కావాలి. దానికి సర్వర్ నుంచి రెండు ప్రత్యేకమైన హెడర్లు రావాలి. మా పేజీ పెట్టిన చోట హెడర్లు మార్చే వీలు లేదు. పైగా వర్కర్ నుంచి డామ్‌ని, అంటే పేజీ మీద కనబడే బటన్లు, బొమ్మలు లాంటివాటిని, ముట్టుకోలేం. విద్యార్థులు బొమ్మలు గీయాలి, బటన్‌కి ఫంక్షన్ తగిలించాలి. ప్రతిదానికీ మెసేజ్‌లు పంపుకుంటూ కూర్చుంటే 'మాట్లాడటం' అనే భావనే పోతుంది. భారీ లెక్కలకు వర్కర్ మంచిదే, మా అవసరానికి కాదు.

మూడో వెర్షన్: స్టాక్‌ని మన చేతిలోకి తీసుకోవడం

అప్పటికి స్పష్టంగా కనబడింది ఇది. స్టాక్ పగలడం, ట్యాబ్ బిగుసుకుపోవడం, ఆపలేకపోవడం మూడు జబ్బులు కావు. 'ఇంకా చేయాల్సిన పని' ఏమిటన్నది జావాస్క్రిప్ట్ స్టాక్‌లో దాస్తున్నాం. అది మన చేతికి అందే చోటు కాదు. మధ్యలో ఆపి పక్కన పెట్టలేం, లోపల ఏముందో చూడలేం, పొడవు పెంచలేం. ట్రాంపొలిన్ కూడా టెయిల్ కాల్స్‌నే తప్పించింది. (మొత్తం 100000) దాంతో కూడా కూలుతూనే ఉంది, ఎందుకంటే అక్కడ కాల్ తర్వాత ఒక కూడిక మిగిలి ఉంటుంది.

అందుకే ఈవల్ తనను తాను పిలుచుకోవడం పూర్తిగా మానిపించాం. దాని బదులు ఒక చిన్న యంత్రం. దాని దగ్గర ఎప్పుడూ మూడే వస్తువులు ఉంటాయి: ఇప్పుడు చూస్తున్న వాక్యం, పేర్లకు విలువలు చెప్పే ఎన్విరాన్‌మెంట్, మిగిలిన పనుల జాబితా. మూడోదాన్ని కంటిన్యుయేషన్ అంటారు. ఫెలైసెన్, ఫ్రీడ్‌మన్ 1986లో ప్రతిపాదించిన సీఈకే యంత్రం పోలికే ఇది.

(మొత్తం 2) దీని మీద ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూడండి. న 2, సున్నా కాదు. (+ న (మొత్తం (- న 1))) చేయాలి. న విలువ 2 దొరికింది, రెండోది ఇంకా తెలియదు. అప్పుడు యంత్రం 'విలువ వచ్చాక 2 కలుపు' అని ఒక ఫ్రేమ్ రాసి జాబితా మీద పెడుతుంది. ఇక (మొత్తం 1) చూస్తుంది. అక్కడ 'వచ్చాక 1 కలుపు' అని ఇంకో ఫ్రేమ్. (మొత్తం 0) దగ్గర 0 అనే విలువ చేతికొచ్చింది. పై ఫ్రేమ్ తీస్తే 1, ఆ కిందది తీస్తే 3. జాబితా ఖాళీ, కాబట్టి 3 చూపించు.

ఆ ఫ్రేములన్నీ మామూలు ఆబ్జెక్టులు, ఉండేది హీప్‌లో, అంటే స్టాక్ కాని మామూలు మెమరీలో. లక్ష పెట్టినా ఇబ్బంది లేదు. (మొత్తం 100000) అని ఇస్తే 5000050000 వచ్చింది. టెయిల్ కాల్ కోసం ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. మిగిలిన పనేమీ లేనప్పుడు ఫ్రేమ్ పెట్టం, అంతే. కంటిన్యుయేషన్‌ని విలువగా పట్టుకునే స్కీమ్ సౌకర్యం కాల్ సీసీ కూడా దాదాపు ఉచితంగా వచ్చింది: మిగిలిన పనుల జాబితా ఎలాగూ చేతిలో ఉంది, దాన్నే విలువగా విద్యార్థి చేతికి ఇస్తే చాలు.

ఇక ఆపడం. యంత్రం ఒక్కో అడుగు వేస్తుంది కాబట్టి ఎక్కడైనా నిలబడగలదు. ఎనిమిది మిల్లీసెకన్లు పరిగెత్తి, మూడు వస్తువులనూ అలాగే పట్టుకుని, వంతు బ్రౌజర్‌కి వదిలేస్తుంది. స్క్రీన్ సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో మార్పుకి దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు, అందులో సగం మాకు చాలు. గడియారం చూడటానికి కూడా ఖర్చు ఉంది కాబట్టి ప్రతి అడుగుకీ కాకుండా వెయ్యి అడుగులకొకసారి చూస్తాం.

ఇక్కడ ఒక పొరపాటు చేశాం. 'మళ్ళీ నన్ను పిలువు' అని చెప్పడానికి మొదట సెట్‌టైమౌట్‌ని సున్నాతో వాడాం. అనుకున్న దానికంటే బాగా నెమ్మదిగా నడిచింది. వెతికితే తెలిసింది: ఒక టైమర్ లోంచి ఇంకో టైమర్ పెట్టుకుంటూ పోతే, కొన్ని వరసల తర్వాత బ్రౌజర్ కనీసం 4 మిల్లీసెకన్ల విరామం పెడుతుంది, ప్రమాణంలోనే అలా ఉంది. ఎనిమిది పని, నాలుగు ఖాళీ: మూడో వంతు సమయం వృథా. బ్రౌజర్‌లోని మెసేజ్‌ఛానెల్ అనే సౌకర్యానికి మార్చాక ఆ విరామం పోయింది.

తలుపు వెనక నుంచి వచ్చిన చిక్కు

అంతా అయిందనుకున్నాక వారానికి, సార్ట్ చేస్తుంటే మళ్ళీ ట్యాబ్ బిగుసుకుంది. జాబితాను సార్ట్ చేసే పనిని జావాస్క్రిప్ట్ సార్ట్‌కే అప్పజెప్పాం. ఏది ముందో చెప్పే ఫంక్షన్ విద్యార్థి రాసిన స్కీమ్ ల్యాంబ్డా (పేరు లేని ఫంక్షన్). జావాస్క్రిప్ట్ దాన్ని పిలిస్తే వెంటనే జవాబు కావాలంటుంది, 'కాసేపాగి చెబుతాను' అంటే ఒప్పుకోదు. అంటే లోపల రెండో యంత్రం మొదలుపెట్టి, అది ముగిసేదాకా వంతు వదలకుండా నడపాల్సిందే. వదిలించుకున్న జబ్బంతా ఆ ఒక్క సందులోంచి తిరిగొచ్చింది.

స్కీమ్ ఫంక్షన్‌ని ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే ప్రతిదాన్నీ, మ్యాప్, ఫిల్టర్, సార్ట్ ఏదైనా సరే, స్కీమ్‌లోనే తిరగరాశాం. జావాస్క్రిప్ట్ వైపు మిగిలినవన్నీ పిలిస్తే వెంటనే జవాబిచ్చేవి, మళ్ళీ స్కీమ్ లోపలికి రానివి. బటన్ క్లిక్కులు, టైమర్లు స్కీమ్ ఫంక్షన్‌ని పిలవాలనుకుంటే నేరుగా పిలవవు, క్యూలో పెడతాయి. ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ఈ గీత మొదటి రోజే గీసుకోండి. మేం ఆలస్యంగా గీసుకుని లైబ్రరీలో సగం తిరగరాయాల్సి వచ్చింది.

నడుస్తుండగానే మార్చడం

ఒక అమ్మాయి కాన్వాస్ మీద బంతి గీసింది. స్క్రీన్ మారే ప్రతిసారీ 'కదుపు' అనే ఫంక్షన్ నడుస్తుంది. బంతి కదులుతుండగానే కింద కొత్త 'కదుపు' డిఫైన్ చేసింది, ఈసారి వంపు తిరిగేలా. ఎంటర్ కొట్టింది. బంతి పాత దారిలోనే పోతోంది. "సార్, నేను మార్చాను కదా, అది వినలేదేంటి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న.

యానిమేషన్ మొదలైనప్పుడు 'కదుపు' అన్న పేరుకు అప్పుడున్న ఫంక్షన్ విలువను మేం పట్టేసుకున్నాం. ఆమె మార్చింది పేరుని, మా చేతిలో ఉన్నది పాత విలువ. అందరికీ తెలిసిన పరిష్కారం ఒకటుంది: ఒక్కో గ్లోబల్ పేరుకీ ఒక గది, కోడ్ అంతా ఆ గదిని పట్టుకుంటుంది, వాడే ప్రతిసారీ లోపల ఏముందో చూస్తుంది. యానిమేషన్‌కి పేరే ఇస్తే గదిని పట్టుకోమని, ల్యాంబ్డా ఇస్తే విలువనే పట్టుకోమని తేల్చుకున్నాం. తర్వాతి క్లాసులో అదే అమ్మాయి ఎంటర్ కొట్టగానే, బంతి ఆగకుండా, ఉన్నచోటి నుంచే వంపు తిరిగింది. ఆమె వెనక కూర్చున్నవాళ్ళు లేచి వచ్చి చూశారు. ఇన్ని నెలలు మేం కష్టపడింది ఆ అర సెకను కోసమే అని నాకనిపించింది.

ఎంటర్ కీ

ఇంటర్‌ప్రెటర్ మీద ఎంత సమయం పెట్టామో దాదాపు అంత ఎంటర్ మీదా పెట్టాం. ఎంటర్ అంటే 'లెక్కించు' అనా, 'కొత్త లైన్' అనా? బ్రాకెట్లు సరిపోయాయో లేదో చూసి తేల్చాలి. అయితే లెక్కపెట్టడం చాలదు: స్ట్రింగ్ లోపలి బ్రాకెట్, కామెంట్‌లోని బ్రాకెట్ లెక్కలోకి రాకూడదు. కోడ్‌ని చదివే భాగం రీడర్‌నే అడగడం మేలు. దాని జవాబులు మూడు: పూర్తయింది, ఇంకా ఉంది, తప్పుంది. 'ఇంకా ఉంది' అన్నప్పుడే కొత్త లైన్.

ఫోన్లలో ఇంకో గొడవ. కీబోర్డు తనంతట తాను నిలువు కోట్‌ని వంపు కోట్‌గా మారుస్తుంది, స్ట్రింగ్ మొదలవ్వనే అవ్వదు. రీడర్ రెండు రకాలనూ ఒప్పుకునేలా చేశాం. మాటను కూర్చే కీబోర్డులో ఒక పదాన్ని ఖాయం చేయడానికి కొట్టిన ఎంటర్‌ని కూడా మేం 'లెక్కించు' అనుకునేవాళ్ళం. కూర్పు నడుస్తోందా అని ఈవెంట్‌నే అడిగి, అవునంటే వదిలేస్తున్నాం.

తెలుగు పేర్ల దగ్గర రెండు దెబ్బలు తిన్నాం. పేరులో అక్షరాలు మాత్రమే ఉండొచ్చని టోకెనైజర్‌కి (కోడ్‌ని పదాలుగా విడగొట్టే భాగానికి) చెప్పాం. యూనికోడ్ లెక్కలో 'మ' అక్షరం, పక్కనున్న ఒత్వం అక్షరం కాదు, చిహ్నం. 'మొత్తం' మొదటి అక్షరం దగ్గరే తెగిపోయింది. చిహ్నాల వర్గాన్ని కూడా కలిపితే సర్దుకుంది. రెండోది కనిపెట్టడానికి ఒక రోజు పట్టింది. 'కౌంటర్' డిఫైన్ చేశాక, 'కౌంటర్ అనే పేరు తెలియదు' అని ఎర్రర్. రెండూ కంటికి ఒకేలా ఉన్నాయి. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కనబడని ఒక కోడ్‌ని చేరుస్తాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. ఒక పేరు చివర అది ఉంది, ఇంకోదానికి లేదు. పేరు చివర్లో దాన్ని తీసేస్తున్నాం, మధ్యలో ఉంటే ఉంచుతున్నాం, ఎందుకంటే మధ్యలో అది రూపాన్నే మారుస్తుంది.

నంబర్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. జావాస్క్రిప్ట్ నంబర్‌ని నేరుగా వాడితే ఫ్యాక్టోరియల్ 21 వరకు సరిగ్గా 51090942171709440000 అని కనబడుతుంది, 22 దగ్గర దశాంశం, ఘాతం రూపంలోకి మారి చివరి అంకెలు పోతాయి. 9007199254740991 దాటే ఫలితాన్ని ఎంత పెద్ద పూర్ణసంఖ్యనైనా పట్టే బిగ్ఇంట్‌కి మారుస్తున్నాం, చిన్నవన్నీ మామూలు నంబర్లే. అలాగే జావాస్క్రిప్ట్‌కి సున్నా అబద్ధం, స్కీమ్‌కి నిజం. ఇఫ్ రాసేటప్పుడు అచ్చంగా ఫాల్స్ ఒక్కదానితోనే పోల్చాలి.

ఎంత ఖర్చయింది

మూడో వెర్షన్ మొదటిదానికంటే కొన్ని రెట్లు నెమ్మది. ప్రతి చిన్న పనికీ ఒక ఆబ్జెక్ట్ పుడుతుంది, వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌కి పని పెరుగుతుంది. వాక్యాలను ముందే విశ్లేషించి జావాస్క్రిప్ట్ క్లోజర్లుగా (closures, చుట్టూ ఉన్న పేర్లను గుర్తుంచుకునే ఫంక్షన్లుగా) మార్చుకున్నాక కొంత వేగం తిరిగొచ్చింది. పాఠాలకు ఇది చాలు. వేగం నిజంగా కావాల్సిన వాళ్ళకు ఇప్పుడు వెబ్‌అసెంబ్లీ దారి ఉంది: టెయిల్ కాల్స్, గార్బేజ్ కలెక్షన్ రెండూ అందులోకి వచ్చాయి, హూట్ వాటి మీదే నిలబడింది. ఈ రోజు మొదటి నుంచి మొదలుపెడితే నేను కూడా ముందు అటే చూస్తాను.

ఆపు బటన్ ఇప్పుడు యంత్రాన్ని చంపదు, నిలబెడుతుంది. నిలబడ్డ చోటి ఎన్విరాన్‌మెంట్‌లోనే కొత్త ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. మొదటి రోజు ట్యాబ్ మూసేసిన ఆ అబ్బాయే మళ్ళీ (లెక్క 0) కొట్టి, ఆపి, ప్రాంప్ట్ దగ్గర 'న' అని టైప్ చేశాడు. లక్షల్లో ఒక సంఖ్య వచ్చింది. కొనసాగించు నొక్కి, మళ్ళీ ఆపి, మళ్ళీ అడిగాడు. ఇంకా పెద్దది. "ఇది ఎక్కడికీ చేరట్లేదు సార్" అంటూ ఫంక్షన్‌లో ఇఫ్ రాయడం మొదలుపెట్టాడు.